మ్యాచ్‌లకు పోవడం నేనెట్లా మానేశానంటే

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పోయిన నెల మన కార్యదర్శి ఫోన్ చేసి, "నువ్వు ఇంజినీరువు కదా, ఒక పావుగంట ఏదన్నా టెక్నికల్‌గా మాట్లాడు, పిల్లలకు పనికొస్తుంది" అన్నాడు. నేను ముప్పై ఏళ్లుగా పంపులు చూసుకునే ఇంజినీర్ని. పంపుల గురించి పావుగంట మాట్లాడితే భోజనాల గంట కొట్టకముందే మీరంతా పంక్తిలో కూర్చుంటారు. అందుకని ఇంకో విషయం ఎంచుకున్నాను. ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూడటానికి పోవడం నేనెట్లా మానేశానో చెప్తాను. ఇది స్వర్ణోత్సవంలో మాట్లాడే సంగతేనా అని మీకు అనిపించవచ్చు. మొదటి వరుసలో కుడిచేతి వైపు కుర్చీలో ఒక పెద్దాయన కూర్చున్నారు. ఆయనకు నేను ఇచ్చుకోవాల్సిన సంజాయిషీ ఒకటి మిగిలిపోయింది. నలుగురిలో ఇచ్చుకుంటే బరువు తగ్గుతుందని ఈ ధైర్యం చేస్తున్నాను.

ఆయన మన డ్రిల్లు సారు. 1980ల్లో గుంతకల్లులో చదివిన వాళ్లెవరికీ పరిచయం చెయ్యనక్కర్లేదు. ఆ విజిల్ చప్పుడు ఇప్పటికీ మన వీపులకు గుర్తుంటుంది.

మనది రైల్వే ఊరు. క్రికెట్ పిచ్చి మనకూ ఉండేది గానీ, రైల్వే వాళ్ల పుణ్యమా అని ఫుట్‌బాల్ కూడా ఉండేది. 1985లో నేను తొమ్మిదో తరగతి. బడి జట్టులో నేను ఎక్స్‌ట్రా ఆటగాణ్ణి. ఎక్స్‌ట్రా అంటే నిమ్మకాయ ముక్కలు కోసి, ఉప్పు చల్లి, ప్లేటులో పెట్టుకుని లైను బయట నిలబడేవాడు. ఆ ఏడాది జోనల్ పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే మనవాళ్లు ఆరు గోళ్లతో ఓడిపోయారు. మనం ఒక్కటీ కొట్టలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఎవరూ నోరు విప్పలేదు. అప్పుడు సారు జేబులోంచి ఒక చిన్న నోటుబుక్కు తీశారు. ఈ తిట్లు ఊరు చేరేదాకా ఆగేటట్లు లేవే అనుకున్నాం.

ఆయన స్కోరు ఊసే ఎత్తలేదు. ఒక్కొక్కరి పేరు పిలిచి ఏదో లెక్క చదివారు. "నువ్వు వాళ్ల కాళ్లలోంచి ఏడుసార్లు బంతి లాక్కున్నావు. నువ్వు కింద పడినావు, మూడుసార్లు లేసినావు, నాలుగోసారి లేయలే, ఎందుకు?" ఇట్లా పదకొండు మంది అయ్యారు. పుస్తకం మూస్తారనుకుంటే నా వైపు తిరిగారు. "నువ్వు రెండో హాఫ్ అంతా నిలబడే ఉండావు. ఒక్కసారి కూడా కూర్చోలే. అది కూడా రాసుకున్నా" అన్నారు. పదకొండు మందిలో లేని నాకు కూడా ఆ పుస్తకంలో ఒక లైను దొరికింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

చదువులయ్యాయి, ఉద్యోగాలయ్యాయి, నేను హైదరాబాద్‌లో స్థిరపడ్డాను. 2018లో తెలిసింది, సారు రిటైరై చాలా ఏళ్లయి, అమ్మగారు పోయాక, చందానగర్‌లో కొడుకు దగ్గరికి వచ్చేశారని. మా నిజాంపేటకు ఎంతో దూరం కాదు. పోయి కలిశాను. కూర్చున్న పది నిమిషాల్లోనే మాట ఫుట్‌బాల్ మీదికి పోయింది.

ఆయన 1960ల్లో దోమలగూడ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీలో శిక్షణ తీసుకున్నారు. అప్పటికి రహీం సాబ్ చనిపోయి రెండు మూడేళ్లే. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇక్కడున్న పిల్లలకు 'మైదాన్' సినిమా వల్ల తెలిసి ఉండవచ్చు. మొదట ఆయన హైదరాబాద్‌లో బడిపంతులు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడవాడు. 1963లో రహీం క్యాన్సర్‌తో పోయాడు. "ఆ తర్వాత ఈ ఊర్లో ఫుట్‌బాల్ జారుడుబండ మీద కూర్చునింది రా" అని సారు చెప్తుంటే, యాభై ఏళ్ల కిందటి సంగతి నిన్నటిదిలా అనిపించింది.

ఆ మరుసటి ఏడాది, 2019లో, ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడటానికి హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పత్రికలో వార్త చూసిన రోజే సారు ఫోన్ చేశారు. "పోదాం పా."

మొదటి మ్యాచ్ కోల్‌కతాలో అయిదు సున్నాతో పోయింది. రెండోది జంషెడ్‌పూర్‌లో మూడు ఒకటితో పోయింది. మూడోది గచ్చిబౌలిలో, సొంత గడ్డ మీద తొలి మ్యాచ్, 2019 నవంబరు 2న, కేరళ బ్లాస్టర్స్ మీద. మా ఇద్దరికీ అదే మొదటిది. అక్కడొక తమాషా జరిగింది. మన జట్టు రంగు పసుపు, నలుపు. కేరళ రంగు పసుపు, నీలం. స్టేడియం నిండా పసుపు చొక్కాలు చూసి, "మనవాళ్లు ఇంతమంది ఉన్నారా!" అని సారు మురిసిపోయారు. కేరళ గోలు కొట్టగానే సగం స్టేడియం లేచి గంతులేసింది. అప్పుడర్థమైంది ఎవరెవరో. తర్వాత మనవాళ్లు పెనాల్టీతో సమం చేశారు. ఎనభై నిమిషాలు దాటాక మార్సెలీనో ఫ్రీ కిక్ కొట్టాడు, రెండు ఒకటితో గెలిచాం. నేను పక్కనున్న ముక్కూమొహం తెలియని కుర్రాణ్ణి కావలించుకున్నాను. సారు మాత్రం నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంటున్నారు. అదే రకం పుస్తకం, ముప్పై నాలుగేళ్ల తర్వాత.

ఆ ఏడాది 18 మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. పన్నెండు ఓడిపోయాం. పది జట్లలో పదో స్థానం. రెండో గెలుపు గువాహటిలో దక్కింది. అంటే గచ్చిబౌలిలో చూసిన గెలుపు మొదటిరోజుదొక్కటే. అయినా నాకు ఉత్సాహం తగ్గలేదు. కొత్త జట్టు కదా, కుదురుకోవడానికి టైం పడుతుంది అనుకున్నాను. ఆ మాట ఇక్కడ ఎందుకు చెప్తున్నానంటే, ఓటమి ఒక్కటే మనిషిని స్టేడియానికి దూరం చెయ్యదు. ముందు ముందు బాగుంటుందన్న నమ్మకం ఉంటే వరుసగా పది ఓటములైనా మింగవచ్చు.

ఆ నమ్మకం నిజం కూడా అయింది. స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ అనే కోచ్ వచ్చాడు. కరోనా వల్ల రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి. 2022 మార్చి 20న, ఫతోర్దాలో ఫైనల్, మళ్లీ కేరళతోనే. చందానగర్‌లో సారు వాళ్ల హాల్లో టీవీ ముందు చూశాం. కేరళ ముందు గోలు కొట్టింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. మూడు ఒకటితో కప్పు మనది. సారు షూటౌట్ అంతా నిలబడే చూశారు. "కూర్చోండి నాన్నా, మోకాళ్లు" అని కొడుకు అంటూనే ఉన్నాడు.

విచిత్రం చూడండి. ఛాంపియన్లయిన ఆ ఏడాది లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో జరగలేదు. టికెట్ కొని అప్పటిదాకా మేం చూసిన గెలుపు ఒక్కటే. కప్పు మాత్రం గోవాలో.

2022–23లో జట్టు మళ్లీ గచ్చిబౌలికి వచ్చింది. లీగ్‌లో రెండో స్థానం. మా ఇద్దరికీ అది పండగ సంవత్సరం. మ్యాచ్ ఉన్న రోజు సాయంత్రం చందానగర్‌లో సారును ఎక్కించుకోవడం, దారిలో మిర్చి బజ్జీ పొట్లం కట్టించుకోవడం, స్టేడియంలోకి బయటి తిండి రానివ్వరు కాబట్టి కారులోనే తినేసి వేళ్లు తుడుచుకుంటూ గేటు దగ్గరికి పోవడం. సీజన్ చివర సెమీఫైనల్లో పెనాల్టీలతో ఓడినప్పుడు కూడా, వచ్చే ఏడాది చూసుకుందాం అనుకున్నాం.

వచ్చే ఏడాది వచ్చింది. మనోలో గోవా జట్టుకు పోయాడు. జీతాల బాకీలు, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం, ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి. సీజన్ మధ్యలో విదేశీ ఆటగాళ్లు దాదాపు అందరూ వెళ్లిపోయారు. పేరున్న మనవాళ్లూ చాలామంది వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా కుర్రాళ్లు. 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు, అదీ చెన్నైలో. పదహారు ఓడారు. మొత్తం ఎనిమిది పాయింట్లు. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. రెండేళ్ల కిందట కప్పు ఎత్తిన జట్టు అది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నా ఉత్సాహం ఒక్కరోజులో పోలేదు. పంపులో బేరింగు కూడా ఒక్కరోజులో పోదు. మొదట చెవికి తెలియనంత చిన్న చప్పుడు. రీడింగు చూస్తే నిన్నటికంటే ఒక గీత ఎక్కువ. రేపు చూద్దాంలే అంటాం. నా రీడింగులు ఇట్లా ఉన్నాయి.

మొదట, మ్యాచ్ అయిపోవడానికి పది నిమిషాల ముందు లేవడం మొదలుపెట్టాను. "అందరితో పాటు బయల్దేరితే ట్రాఫిక్కు సార్" అన్నాను. సారు ఏమీ అనకుండా లేచి వచ్చారు. గేటు దాటాక లోపల ఏదో కేక వినిపిస్తే ఆగి వెనక్కి చూశారు. అంతే.

తర్వాత ఆఫీసు నుంచి ఆలస్యంగా బయల్దేరడం. ఆట మొదలై ఇరవై నిమిషాలయ్యాక మేం కూర్చునేవాళ్లం. అప్పటికే ఒక గోలు తిని ఉండేవాళ్లు. "చూశారా సార్, మనమేం కోల్పోలేదు" అని జోకు వేసేవాణ్ణి.

తర్వాత కూర్చుని ఫోన్ చూసుకోవడం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో కుర్చీలకూ ఆటస్థలానికీ మధ్య పరుగుపందేల ట్రాక్ ఉంది. ఆట అసలే దూరంగా కనిపిస్తుంది. దాదాపు ముప్పై వేలమంది పట్టే చోట కొద్దిమంది అక్కడక్కడ కూర్చుంటే ఆ దూరం రెట్టింపవుతుంది. ఖాళీ స్టేడియంలో ఇంకొకటి జరుగుతుంది. నిండుగా ఉన్నప్పుడు వినిపించనివన్నీ వినిపిస్తాయి. బంతి బూటుకు తగిలే చప్పుడు, గోల్‌కీపర్ డిఫెండర్ల మీద అరవడం, కోచ్ ఒక కుర్రాణ్ణి పేరు పెట్టి పిలవడం. మణిపూర్ నుంచి, మిజోరం నుంచి, కేరళ నుంచి వచ్చిన పిల్లలు ఎవరి భాషలో వాళ్లు ఒకర్నొకరు పిలుచుకుంటుంటారు. నాకు అది వినలేకపోయేంత ఇబ్బందిగా ఉండేది. ఎవరింట్లోనో గొడవ జరుగుతుంటే పక్క గదిలో కూర్చున్నట్టు.

తర్వాత పోవడం మానేసి టీవీలో చూడటం. తర్వాత టీవీ కూడా పెట్టకుండా, పడుకునే ముందు ఫోన్లో స్కోరు చూడటం. చివరికి ఒక ఆదివారం సారు ఫోన్ చేసి "నిన్నటి మ్యాచ్ గురించి ఏమంటావు?" అంటే, నిన్న మ్యాచ్ ఉందన్న సంగతే నాకు తెలియలేదు. బేరింగు పట్టేసింది.

నన్ను నేను సమర్థించుకోవడానికి మంచి వాదనలే ఉండేవి. ఈరోజుకీ వాటిని పూర్తిగా కొట్టిపారేయను. జట్టును సరిగ్గా నడపాల్సిన బాధ్యత నడిపేవాళ్లది. టికెట్ కొన్నవాడికి మీటింగులో ఓటు లేదు. రాకుండా ఉండటమొక్కటే అతని చేతిలో ఉన్న ఓటు. ఆటగాళ్లకు జీతాలు అందని చోట ప్రేక్షకుడు చప్పట్లు కొడుతూ కూర్చుంటే, ఎట్లా నడిపినా వీళ్లు వస్తారులే అనుకుంటారు కదా? ఈ మాటే సారుతో అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "న్యాయమే" అన్నారు. తర్వాత అడిగారు: "నువ్వు రాకపోతే ఎవరికి తెలుస్తాది?"

నా దగ్గర జవాబు లేదు. నడిపేవాళ్లకు తెలియదు. వాళ్లు ఆ కుర్చీల వైపు చూస్తారన్న నమ్మకం కూడా లేదు. ఆ కుర్చీలు నిజంగా కనిపించేది లోపల పరిగెత్తే ఇరవై ఏళ్ల పిల్లోడికి. తన తప్పేమీ లేకుండా ఆ జట్టులో మిగిలిపోయినవాడికి. నా నిరసన సరిగ్గా వాడికి చేరింది.

ఇదంతా ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం సాకులు చెప్పాను. ఆడిట్ ఉంది సార్. మా ఆవిడకు ఒంట్లో బాగాలేదు సార్. బెంగళూరులో ఉన్నా సార్. ఒకసారి బెంగళూరులో ఉన్నానని చెప్పి నిజాంపేట కూరగాయల బండి దగ్గర నిలబడి ఉన్నాను. "మూడు కిలోలు యాభై" అన్న కేక ఫోన్లో ఆయనకు వినపడే ఉంటుంది. ఆయన, "సరేలే అప్పా, బెంగళూర్లో కూరగాయలు చవకే" అని పెట్టేశారు.

సారు పోతూనే ఉన్నారు. దాదాపు ఎనభై ఏళ్ల మనిషి. పోయేటప్పుడు ఆటో, వచ్చేటప్పుడు కొడుకు ఆఫీసు నుంచి కారు తీసుకొచ్చేవాడు. 2024 సెప్టెంబరులో భారత జట్టు గచ్చిబౌలిలోనే ఆడింది, మారిషస్‌తో సున్నా సున్నా, సిరియాతో సున్నా మూడు. కోచ్ మన పాత మనోలోనే. సారు రెండింటికీ పోయారు. అదే ఏడాది డిసెంబరు 31 రాత్రి సంతోష్ ట్రోఫీ ఫైనల్, బెంగాల్, కేరళ. బెంగాల్ ఒక గోలుతో గెలిచింది. "మనది కాని రెండు జట్ల కోసం న్యూ ఇయర్ రాత్రి అంత చలిలో పోతారా సార్?" అని అడిగాను. "ఆడేది పిల్లోళ్లే కదప్పా" అన్నారు.

2024–25లో హైదరాబాద్ ఎఫ్‌సీ యాజమాన్యం మారింది. ఆట కొంచెం మెరుగైంది గానీ 13 జట్లలో 12వ స్థానంలోనే ముగించింది. ఆ సీజన్‌లో నేను ఒక్క మ్యాచ్‌కీ పోలేదు. 2025 మార్చి 12న చివరి మ్యాచ్. సారు ముందు రోజు ఫోన్ చేశారు. "రేపు ఆఖరిది. కేరళతో. మనం మొదట చూసింది కూడా కేరళతోనే, గుర్తుందా? వస్తాండావా?" వస్తానన్నాను. మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి, "సార్, అర్జెంటు పని, వచ్చే సీజన్ మొదటి మ్యాచ్‌కి తప్పకుండా పోదాం" అని మెసేజ్ పెట్టాను. ఫోన్ చేసి చెప్పే ధైర్యం కూడా లేదు. అర్జెంటు పనేమీ లేదు. ఇంట్లో పడుకున్నాను.

వచ్చే సీజన్ మొదటి మ్యాచ్ రాలేదు. 2025 అక్టోబరులో వార్త వచ్చింది. ఆ జట్టు ఢిల్లీకి మారిపోతోంది, ఇకమీద దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. హైదరాబాద్ ఎఫ్‌సీ అనేది ఇక లేదు. ఆరేళ్ల కథ.

నేను రాకపోవడం వల్ల జట్టు పోయిందని నేననడం లేదు. నేనంత గొప్పవాణ్ణి కాదు. దాని లెక్కలు వేరు, అవి నా టికెట్టుతో తీరేవీ కావు. కానీ ఆ వార్త చదివినప్పుడు ఒకటి తెలిసింది. జట్టు బాగుపడ్డాక పోదాంలే అని నేను ఇంట్లో కూర్చున్నన్నాళ్లూ, అది నా కోసం అక్కడే ఉంటుందనుకున్నాను. ఉంటుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

ఆ సాయంత్రం చందానగర్ పోయాను. సారు టీ తాగుతున్నారు. నేను ఏమీ అడగకముందే నోటుబుక్కు తెచ్చి చేతిలో పెట్టారు. ఇంతకుముందెప్పుడూ దాన్ని నా చేతికిచ్చినవారు కాదు. ఒక్కో మ్యాచ్‌కి ఒక పేజీ. పైన తేదీ, ఎదుటి జట్టు పేరు. దాని పక్కన, తనతో ఎవరు వచ్చారో వాళ్ల పేరు. 2019 నుంచి 2023 దాకా దాదాపు ప్రతి పేజీ మీదా నా పేరుంది. ఆ తర్వాత అక్కడక్కడ ఉంది. ఆ తర్వాత తేదీ, జట్టు పేరు, పక్కన ఖాళీ. గీత కూడా కొట్టలేదు. ఎవరన్నా వస్తే రాద్దామన్నట్టు చోటు మాత్రం వదిలారు.

చివరి పేజీ 12–3–2025. కేరళ మొదట్లోనే గోలు కొట్టింది, విరామానికి ముందు సౌరవ్ అనే కుర్రాడు సమం చేశాడు. ఒకటి ఒకటి. ఆ గోలు నేను తర్వాత వీడియోలో చూశాను, వెనక్కి వాలి గాల్లోనే కొట్టాడు. అట్లాంటి గోలు మనిషి జీవితంలో కళ్లెదుట ఒకటో రెండో చూస్తాడు. సారు చూశారు. ఆయన పుస్తకంలో దాని గురించి ఒక్క లైనే ఉంది. మిగతా పేజీ అంతా ఎప్పటిలాగే లెక్కలు. ఎవరు ఎన్నిసార్లు వెనక్కి పరిగెత్తి వచ్చారు, ఎవరు పడిపోయిన ఎదుటివాడికి చెయ్యిచ్చి లేపారు, ఎవరు మార్చేసినప్పుడు మొహం వేలాడేసుకున్నారు. నేను చివరి స్థానంలో ఉన్న ఒక జట్టును చూసినన్నాళ్లూ, ఆయన పాతికమంది పిల్లల్ని చూస్తున్నారు. పాయింట్ల పట్టిక చూసేవాడికి ఉత్సాహం పోవడం సహజం. క్లాసులో అందరూ ఫెయిలయ్యారని మరుసటి రోజు బడికి రాని మాస్టారును మనమెవరం చూడలేదు కదా.

సార్, మార్చి 12న నాకు పనేమీ లేదు. బెంగళూరు సంగతి మీకు ముందే తెలుసు. క్షమించండి.

ఇక చివరి మాట, మనందరికీ సంబంధించింది. పొద్దున హెడ్మాస్టరు గారు మాట్లాడుతూ, మేం చదివిన రోజుల్లో ఉన్నంతమంది పిల్లల్లో ఇప్పుడు సగం కూడా లేరని చెప్పారు. మన సంఘం సమావేశాలకు కూడా నేను ఎనిమిదేళ్లు రాలేదు. "ఏముంది, ఏటా అదే పదిమంది, అదే తీర్మానాలు" అనుకునేవాణ్ణి. అది గూడా నా బేరింగు చప్పుడే. ఆ పదిమంది రావడం మానలేదు కాబట్టి ఈరోజు యాభై ఏళ్ల పండగ జరుగుతోంది. వాళ్ల పేర్లు సావనీర్‌లో ఎక్కడో వెనక పేజీలో ఉంటాయి, చూడండి.

ఇప్పుడున్న వ్యాయామ ఉపాధ్యాయుడు గారు రెండేళ్ల కిందట బడిలో మళ్లీ ఫుట్‌బాల్ జట్టు తయారుచేశారు. మన సంఘం తరఫున బంతులు, బూట్లు కొనిచ్చాం, ఫోటోలు దిగాం. పోయిన ఏడాది పిల్లలు మొదటి రౌండ్లోనే ఓడిపోయారట. నాలుగు సున్నా. ఆ మ్యాచ్ చూడటానికి మన సంఘం నుంచి ఎవరు పోయారని నిన్న అడిగాను. ఎవరూ పోలేదు. నేనూ పోలేదు. బంతి కొనివ్వడం మనకు సులువు. డబ్బు పంపిస్తే అయిపోతుంది. గంటన్నరసేపు ఎండలో నిలబడి, ఓడిపోతున్న పిల్లల్ని చూడటం కష్టం. దానికి రసీదు ఉండదు, సావనీర్‌లో పేరు రాదు.

నేను పెద్ద తీర్మానమేమీ ప్రతిపాదించడం లేదు. ఊళ్లో ఉన్నవాళ్లు పిల్లల మ్యాచ్ ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురైనా పోయి నిలబడండి. బయటున్న మాలాంటివాళ్లం ఏడాదికి ఒకసారైనా వస్తాం. ఆట మీద ప్రేమ లేకపోయినా ఫరవాలేదు. నిమ్మకాయ ముక్కలు కోసేవాడు కూడా జట్టుకు కావాలి, ఆ సంగతి నాకు బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఉన్న మిత్రులకు ఇంకో మాట. నగరంలో శ్రీనిధి డెక్కన్ అని ఇంకో జట్టుంది. అజీజ్‌నగర్‌లో వాళ్ల గ్రౌండు, ఐ-లీగ్‌లో వరుసగా రెండేళ్లు రెండో స్థానంలో నిలిచారు. సారు ఇప్పటికే దారి కనుక్కున్నారు. ఈసారి గెలిచినా ఓడినా చివరి విజిల్ దాకా లేవనని ఆయనకు మాటిచ్చాను.

అంతకంటే ముందు, రేపు పొద్దున ఏడింటికి మన గ్రౌండులో పిల్లలకు పక్క ఊరి బడితో స్నేహపూర్వక మ్యాచ్ ఉంది. గెలుస్తారని ఎవరూ హామీ ఇవ్వడం లేదు. సారు వస్తున్నారు. నోటుబుక్కు తెచ్చుకున్నారు, కొత్తది. తేదీ పక్కన కొంచెం ఎక్కువ చోటు వదలమని చెప్పాను.